మిల్లు నుండి సాఫ్టువేరునకు

పొలము కాదనుకొన్న సేత్తూరు పిల్లలకు చాలకాలము రాజపాళయపు నూలుమిల్లులో, ఛత్రపట్టి కట్టుగుడ్డల మగ్గములో దిక్కుగా నుండెడివి. ఇప్పుడు తెన్‌కాశి త్రోవను దక్షిణముగా పోయినచో మత్తళంపారై యను పల్లెలో జోహో సంస్థవారి సాఫ్టువేరు కార్యాలయము కనబడును. అది 2011లో వెలసినది. ఆ సంస్థవారి శిక్షణశాలలో చేరుటకు డిగ్రీ యుండవలెనను నియమము లేదు; పండ్రెండవ తరగతి చాలును.

మా పూర్వవిద్యార్థి యొకడు సాఫ్టువేరు పనికి ఆలస్యముగా వచ్చెను. అతనిని గూర్చి వ్రాయుటకు మాకు కొంత సిగ్గుగానే యున్నది. తరగతిలో అతడు మా ముఖము చూచి మాటాడెడివాడు కాడు. పాఠముల వరుస మార్చినచో కలవరపడెడివాడు. అది మొండితన మనుకొని మేము అతనిని బల్లమీద నిలువబెట్టితిమి. ఛందస్సు చెప్పునపుడు మాత్రము గణములను మాకంటె ముందే విడదీసెడివాడు. దానిని మేము లెక్కింపలేదు. తరువాత మిల్లులో చేరెను. యంత్రముల హోరు, వారమువారము మారు షిఫ్టులు అతనికి దుస్సహము లయ్యెను. ముప్పదవ యేట మదురై వైద్యులు పరీక్షించి, ఇది ఆటిజ మనిరి.

ఆటిజము అంటువ్యాధి కాదు; పెంపకపు లోపము వలన వచ్చునదియు కాదు. మెదడు పెరుగు తీరులోనే యున్న భేద మది. లియో కానర్ అను వైద్యుడు 1943లో దీనిని వర్ణించెను. అక్షరములు పోల్చుకొనుట కష్టమగు డిస్లెక్సియా, అవధానము నిలువని ఏ.డి.హెచ్.డి. కూడ ఇట్టి భేదములే. మన పిల్లలలో డిస్లెక్సియాను కనిపెట్టుట మఱింత కష్టము. ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకములో ఆంగ్లము. “మూడు భాషలు కలిసిపోయినవి, అదే సర్దుకొనును” అని ఏండ్లు గడపుదుము. తడబాటు కొత్త భాషలోనే యున్నచో కారణము ఆ కొత్తదనమే కావచ్చును. ఎంత నేర్పినను తెలుగు చదువుటలోను అదే తడబాటు నిలిచియున్నచో తల్లిదండ్రులు పరీక్ష చేయింపవలెను.

ఇట్టివారిలో కొందఱికి సాఫ్టువేరు పని ఏల పొసగును? ప్రోగ్రామనగా కంప్యూటరునకు వరుసగా వ్రాసి యిచ్చు ఆజ్ఞల సముదాయము. యంత్రము మన ముఖకవళికలు చూడదు, మాటలోని వంకర వెదుకదు, వ్రాసినదే చేయును. ఒక చిహ్నము తప్పినను, గణము తప్పిన పద్యమువలె చెడును. అట్టి తప్పులను ఓపికగా వెదకుట పరీక్షకుల పని. డెన్మార్కు దేశమున థోర్కిల్ సొన్నె యను నతడు, తన కుమారునకు ఆటిజ మని తెలిసిన పిమ్మట, 2004లో ఆటిజము గలవారికే పని కల్పించు సంస్థను స్థాపించెను. 2013లో ఎస్.ఏ.పి. అను జర్మను సంస్థ దానితో కలిసి ఇట్టి నియామకములు ఆరంభించెను. బెంగుళూరులో ఆఱుగురు పరీక్షకులుగా చేరియుండిరి.

ఐనను ఆటిజము గలవారందఱును కంప్యూటరులో దిట్టలనుట అపోహ. పలువురు మాటలాడు విశాలమైన హాలు, గడువుల ఒత్తిడి, ముందుగా చెప్పని సమావేశములు అచ్చటను కలవు. మిల్లు హోరు పోయి మఱియొక హోరు వచ్చును, అంతే. ఏ.డి.హెచ్.డి. గలవాడు కొత్త పనిలో రాత్రింబవళ్లు మునిగిపోవును గాని పాత తప్పులు దిద్దుటకు విసుగుకొనవచ్చును. ఇప్పుడు కృత్రిమమేధ సైతము ప్రోగ్రాములు వ్రాయుచున్నందున, వ్రాయుట యొక్కటే నేర్చినవానికి చోటు ఇఱుకగుచున్నది. ఉద్యోగము తప్పదని చెప్పి వేలకువేలు ఫీజు గుంజు శిక్షణాలయముల కడకు పోవలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యములను తన 21 వైకల్యముల పట్టికలో చేర్చినది. పరీక్షలలో అదనపు సమయము, వ్రాయసకాఁడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి మార్పులను అది పేర్కొనుచున్నది. సర్కారు కొలువులలో రిజర్వేషను గలదు. సాఫ్టువేరు పని చాలవఱకు ప్రైవేటు సంస్థలలో నుండుటచే ఆ రిజర్వేషను అచ్చట అక్కఱకు రాదు.

మా విద్యార్థి మిల్లు పని వెంటనే మానలేదు. రెండేండ్లు సెలవు దినములలో పైథాన్ భాష నేర్చి, షిఫ్టు కూలి లెక్కించు చిన్న ప్రోగ్రాము వ్రాసెను. పరీక్షకునిగా చేరునపుడు రెండే కోరెను: ఆజ్ఞలు వ్రాతమూలముగా నీయవలెను, సమావేశమును ముందునాడే తెలుపవలెను. వారు సమ్మతించిరి.

సంక్రాంతికి మా యింటికి వచ్చినపుడు, పద్యపాదము నిచ్చినచో గణములు విడదీయు ప్రోగ్రామును చూపెను. మేము కావలెననియే తప్పుడు పాదము నొకదానిని ఇచ్చితిమి. మూడవ గణము కడ అది నిలిచిపోయెను. అతడు మా వంక చూడకయే నవ్వెను.