పాట మోసుకొచ్చే కాలం

కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలంలో అయిదవ అంకం ప్రారంభాన ఒక పాట వినవస్తుంది. అంతఃపురంలో హంసపదిక పాడుతుండగా దుష్యంతుడు వింటాడు. ఇష్టజన వియోగమేదీ లేకపోయినా తన మనస్సు ఇంతగా ఎందుకు కలత చెందుతున్నదని తనను తానే ప్రశ్నించుకొంటాడు. మధుర శబ్దాలు విన్నప్పుడు సుఖంగా ఉన్న మనిషి కూడా బెంగపడుతున్నాడంటే, వాసనారూపంలో నిలిచిన జన్మాంతర స్నేహాలను మనస్సు తనకు తెలియకుండానే తలచుకొంటున్నదని సమాధానం చెప్పుకొంటాడు. శాపవశాన శకుంతలను మరచిన రాజు అతడు. తరువాత ఆమె స్వయంగా వచ్చి ఎంత చెప్పినా గుర్తుకు రాని గతాన్ని ఆ పాట ఒక్క క్షణం తాకింది.

ఇక్కడ వాసన అంటే పరిమళం కాదు. అనుభవం గడిచిపోయిన తరువాత కూడా మనస్సులో మిగిలే సంస్కారం. దానికి జన్మాంతరాల వరకు పోనవసరం లేదు. ఈ జన్మలోనే, పదేళ్ల వయస్సు నుండి ముప్పయ్యేళ్ల లోపు జరిగిన సంగతులను మనుషులు వార్ధక్యంలో ఎక్కువగా గుర్తు చేసుకొంటారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ వయస్సులో విన్న పాటలు ఆనాటి మనుషులను, స్థలాలను వెంటబెట్టుకొని వస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ జనాటా 2009లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసిన పాట విని స్వీయజ్ఞాపకం మేల్కొన్నపుడు నుదుటి వెనుక ఉండే మెదడు భాగం చురుకుగా పనిచేస్తున్నట్లు గుర్తించాడు. కాళిదాసు భావించిన దానికి, ఈ శాస్త్రవేత్త చూచిన దానికి నడుమ దూరం ఎంతో లేదనిపిస్తుంది.

మన పల్లెలలో ఈ జ్ఞాపకాలను ఎక్కువగా మోసినవి సినిమా పాటలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల నడుమ ఒకప్పుడు డేరాలలో టూరింగు టాకీసులు ఆడేవి. ఆట మొదలు కావడానికి ముందు ఘంటసాల వేంకటేశ్వరస్వామిని స్తుతిస్తూ పాడిన పాటను లౌడు స్పీకరులో వేయడం ఆనవాయితీ. అది వినబడితే దారిలో ఉన్నవారు నడక వేగం పెంచేవారు. డేరా బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. పెళ్లి పందిట్లో మైకు పెడితే ఊరంతటికీ పాట అందేది. గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు, మూడున్నర నిమిషాలే తిరుగుతుంది. కనుక కవి చెప్పదలచినదంతా పల్లవిలో, రెండు మూడు చరణాలలో ఇమడాలి. ఈ క్లుప్తత వల్ల కూడా పాట తేలికగా నోటికి వచ్చేది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. అయితే 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు శ్రోతల అభిరుచిని చెడగొడతాయని తలచడంతో ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గిపోయింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభం కావడంతో సినిమా పాట తిరిగి ఆకాశవాణిలో స్థానం సంపాదించుకొన్నది. ప్రజలు మనస్సులో దాచుకొన్న దానిని ఒక ఉత్తర్వు తుడిచివేయలేదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఈ నేలకు, సినిమా పాటకు మధ్య దగ్గరి చుట్టరికం ఉన్నది. జానపద బాణీలకు పేరుపొందిన కొసరాజు రాఘవయ్య చౌదరి 1905లో బాపట్ల సమీపంలోని అప్పికట్లలో జన్మించారు. తాపీ చాణక్య దర్శకత్వంలో 1955లో వచ్చిన 'రోజులు మారాయి' చిత్రానికి ఆయన ఏరువాక పాట రాశారు. మాస్టర్ వేణు సంగీతంలో జిక్కి పాడగా, వహీదా రెహమాన్ నర్తించింది. ఏరువాక అంటే తొలకరి దుక్కి. జ్యేష్ఠ పూర్ణిమనాడు రైతులు ఎడ్లను అలంకరించి అరక కట్టే పండుగ. ఆ బాణీ ఇక్కడితో ఆగలేదు, ఎస్.డి. బర్మన్ 1960 నాటి 'బంబై కా బాబు' హిందీ చిత్రంలో దానిని వాడుకొన్నారు. పర్చూరుకు చేరువలోని కారంచేడులో పుట్టిన దగ్గుబాటి రామానాయుడు 1964లో నిర్మించిన 'రాముడు భీముడు' చిత్రానికి కూడా చాణక్యే దర్శకుడు. అప్పికట్ల, పర్చూరు, కారంచేడు మూడూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

పర్చూరు ప్రాంతపు విద్యార్థులు కొందరు తమ ఇండ్లలోని పెద్దలను ఏరువాక పాటను గురించి అడిగి రాసుకొని వచ్చారు. సినిమా వచ్చిన చాలా ఏళ్ల తరువాత కూడా ఆ పాట రేడియోలోనూ, మైకులలోనూ వినిపించేది. ఒక రైతుకు ఆ పాట వింటే తొలకరినాడు తండ్రి నాగలి మేడి పట్టించిన సంగతి గుర్తుకు వచ్చింది. మరొక పెద్దాయనకు నేల టిక్కెట్టు కొని ఇసుకలో కూర్చొన్న రాత్రి, ఆ పక్కనే కూర్చొన్న అన్న తలపునకు వచ్చారు. ఆ అన్న ఇపుడు లేడు. కూలి పనికి వెళ్లిన ఒక అవ్వ మాత్రం దుక్కిని గాని, పండుగను గాని తలచలేదు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుండగా పెళ్లివారి మైకులో ఆ పాట వచ్చేదనీ, సాయంత్రానికి చేతులు మండిపోయి అన్నం కలుపుకోవడం కష్టమయ్యేదనీ చెప్పింది. పాట ఒక్కటే. కుర్చీలో కూర్చొన్నవారికి, నేల మీద కూర్చొన్నవారికి, డేరా లోపలికి రాలేక బయట నుండి విన్నవారికి అది మిగిల్చిన జ్ఞాపకం మాత్రం ఒకటి కాదు.

కనుక పాత పాటను విని, ఆ కాలమంతా తీయనిదేనని తీర్మానించడం సరికాదు. బాణీ మధురమైనంత మాత్రాన బ్రతుకు మధురమైనదని చెప్పలేము. జ్ఞాపకం కొన్ని సంగతులను పెంచుతుంది, కొన్నింటిని మరుగుపరుస్తుంది. అయినా చరిత్రకు అది పనికిరానిదని త్రోసివేయరాదు. మిరప దిగుబడి లెక్కలు దస్తావేజులలో దొరుకుతాయి. ఆ అవ్వ చేతుల మంట అక్కడ దొరకదు. ఆమెను ఎవరైనా నేరుగా అడిగి ఉంటే చెప్పేదో లేదో తెలియదు. పాట అడిగింది కనుక చెప్పింది.

నేడు ఏ పాటనైనా, ఏ క్షణాననైనా చేతిలోని ఫోనులో వినవచ్చు. ఇది గొప్ప సౌకర్యమే. కాని ప్రతిదినం ప్రతిచోటా వినే పాట ఏ ఒక్క దినానికీ, ఏ ఒక్క చోటుకూ కట్టుబడి ఉండడం కష్టం. నలుగురితో కలసి, ఎదురుచూచి విన్న పాటకే ఒక ఊరు, ఒక ఋతువు, ఒక ముఖం అతుక్కొని ఉంటాయి.

విద్యార్థులారా! ఆ పాటలు యంత్రాలలో భద్రంగానే ఉన్నాయి. వాటి వెంట ఉన్న జ్ఞాపకాలు మాత్రం పెద్దలతోపాటు వెళ్లిపోతాయి. మీ ఇంటిలోని తాతను గాని, అమ్మమ్మను గాని చేరి, వారు మెచ్చిన పాట ఒకటి వినిపించండి. అది మొదట ఎక్కడ విన్నారు, ఆనాడు ఏ పనిలో ఉన్నారు, ప్రక్కన ఎవరున్నారు అని అడగండి. వారు చెప్పినది చెప్పినట్లే, ఊరి పేరుతో, వారి మాటలలోనే రాసి పెట్టుకోండి.