పిల్లలతో అరసవల్లి టూర్ ప్లాన్ చేస్తున్నారా? ఒక్కరోజులో నాలుగు చోట్లూ చుట్టేద్దామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి..

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు.. హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో స్థిరపడిన సిక్కోలు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని సొంతూళ్ల బాట పడతాయి. అమ్మమ్మ ఇంట్లో రెండు రోజులు గడిచాక మొదలయ్యే మాట ఒకటే.. "అరసవల్లి వెళ్లొద్దాం. అటు నుంచి అటే శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం బీచ్ కూడా చూసేద్దాం". మ్యాప్‌లో చూస్తే ఇది చాలా ఈజీ ప్లాన్. అరసవల్లి శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. మిగతా మూడూ పక్కనున్న గార మండలంలోనివే. కారు ఉంటే ఒక్కరోజులో నాలుగూ అయిపోతాయి.

పెద్దవాళ్లకైతే అయిపోతాయి. కానీ వెనక సీట్లో నాలుగేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఉంటే? ఏప్రిల్, మే నెలల్లో ఈ ట్రిప్‌ను కిలోమీటర్లతో కాదు, గంటలతో లెక్కేసుకోవాలి. ఎందుకో, ఎలాగో చూద్దాం.

సిక్కోలు ఎండ లెక్కే వేరు

హైదరాబాద్‌లో 42 డిగ్రీలు చూసి వచ్చినవాళ్లకు శ్రీకాకుళంలో 37 అంటే పెద్దగా అనిపించదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వడగాలుల ప్రకటనకు వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీల నుంచి లెక్కేస్తే, తీర ప్రాంతాల్లో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది. కారణం ఉక్కపోత. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది తప్ప ఆరదు. చిన్నపిల్లల ఒళ్లు పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది. పైగా ఆటలో పడితే వాళ్లు దాహం అని కూడా అడగరు.

ఇంకో విషయం. సిక్కోలు తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాల ముందే తెల్లారుతుంది. మే నెలలో ఐదున్నర కొట్టేసరికే సూర్యుడు పైకి వచ్చేస్తాడు. అంటే ఇక్కడ ఉదయం 8 గంటల ఎండ, అక్కడి ఎనిమిదిన్నర ఎండతో దాదాపు సమానం. "టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరదాం" అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

అరసవల్లి: పొద్దున్నే వెళ్లాలి, ఆదివారం వద్దు

సూర్యనారాయణస్వామి ఆలయాన్ని 7వ శతాబ్దంలో కళింగను పాలించిన తూర్పు గంగ వంశపు రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. హర్షవల్లి అన్న పేరే అరసవల్లి అయిందంటారు. ఏటా మార్చి రెండో వారంలో, అక్టోబర్ మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు నేరుగా గర్భాలయంలోకి వెళ్లి స్వామి పాదాలను తాకుతాయి. వేసవి సెలవుల్లో ఆ దృశ్యం కనిపించదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెబితే మంచిది. లేకపోతే "కిరణాలు ఏవి నాన్నా?" అని గుడి బయటికి వచ్చేదాకా అడుగుతూనే ఉంటారు.

ఆదివారం సూర్యుడికి ఇష్టమైన రోజు. ఉద్యోగాలు చేసే అమ్మానాన్నలకు సెలవు దొరికేదీ ఆదివారమే. అందుకే ఆ రోజు క్యూలైన్లు కిటకిటలాడతాయి. వైశాఖ మాసం వేసవిలోనే వస్తుంది కాబట్టి అప్పుడు రద్దీ ఇంకాస్త ఎక్కువ. చంటిపిల్లలు ఉంటే మామూలు రోజు చూసుకోవడమే మేలు. 2025 నవంబర్ 1న ఇదే జిల్లాలోని కాశీబుగ్గ ఆలయంలో జరిగిన తొక్కిసలాటను ఎవరూ మర్చిపోలేదు. జనం బాగా ఒత్తుకుంటున్నారనిపిస్తే మొహమాటపడకుండా పిల్లల్ని తీసుకుని పక్కకు వచ్చేయండి. దర్శనం మరోసారి చేసుకోవచ్చు.

చెప్పులు బయటే వదలాలి కదా.. ఎండెక్కాక రాతి నేల పిల్లల పాదాలకు చురుక్కుమంటుంది. పట్టాలు లేనిచోట ఎత్తుకుని దాటించండి. ఇంద్ర పుష్కరిణి దగ్గర మెట్లు తడిగా ఉంటాయి, చెయ్యి వదలొద్దు. ఉదయం ఏడింటికల్లా దర్శనం అయ్యేలా చూసుకుంటే ఈ ఇబ్బందుల్లో సగం ఉండవు. దర్శన వేళలు ముందురోజే కనుక్కోండి.

శ్రీకూర్మం: పిల్లలకు బాగా నచ్చే గుడి

శ్రీకాకుళం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. విష్ణుమూర్తిని కూర్మావతారంలో పూజించే ఆలయం. దేశంలో ఇలాంటివి చాలా అరుదు. రెండు ధ్వజస్తంభాలు ఉండటం ఇక్కడి ప్రత్యేకత. పిల్లలకు మాత్రం అసలు ఆకర్షణ గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లే. డిప్ప మీద పసుపు రంగు నక్షత్రాలు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు.

చూడనివ్వండి, కానీ ముట్టుకోనివ్వకండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పొరపాటున తాకితే సబ్బుతో చేతులు కడిగించండి. "మనమూ ఒకటి పెంచుకుందాం" అని మారాం చేస్తే అది చట్టప్రకారం నేరమని చెప్పేయండి. ఈ తాబేళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

అరసవల్లి తర్వాత నేరుగా ఇక్కడికి వస్తే తొమ్మిదిన్నరకల్లా ముగించేయొచ్చు. ఆ పూటకు అదే చివరి స్పాట్ అనుకోండి.

శాలిహుండం: నీడ తక్కువ, మెట్లు ఎక్కువ

వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్న చోటు ఇది. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తెలుగు పాఠాల్లో పేరు విన్న మనిషి పురావస్తు శిథిలాలనూ వెతికి పట్టుకున్నాడంటే బడికెళ్లే పిల్లలు ఆసక్తిగా వింటారు.

అయితే కొండ ఎక్కాలి. పైన నీడ తక్కువ. మధ్యాహ్నం 12 గంటలకు పిల్లలతో ఇక్కడికి రావడం అస్సలు మంచి ఆలోచన కాదు. తెల్లవారుజామునో, సాయంత్రం నాలుగున్నర దాటాకో రావాలి. సాయంత్రమైతే ఆకాశం ఒకసారి చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఉన్నట్టుండి మబ్బులు కమ్మి పిడుగులు పడటం ఈ ప్రాంతంలో మామూలే. ఉరుము వినిపిస్తే కొండ దిగి కారులోనో, పక్కా భవనంలోనో కూర్చోవాలి. చెట్టు కిందకు మాత్రం వెళ్లొద్దు.

కళింగపట్నం: సముద్రం దగ్గర చెయ్యి అందేంత దూరం

ఒకప్పటి ఓడరేవు, లైట్‌హౌస్, పక్కనే సముద్రంలో కలిసే వంశధార. సిక్కోలు వాసులకు బీచ్ అంటే ముందు గుర్తొచ్చేది కళింగపట్నమే. వేసవిలో వెళ్తే పడవలు వరసగా ఒడ్డునే కనిపిస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. వలలు బాగుచేసుకునే మత్స్యకారులను చూపించి ఈ విషయం చెబితే పిల్లలకు అదో కొత్త పాఠం. పెద్దలకూ ఇందులో ఓ హెచ్చరిక ఉంది. "ఏమైనా అయితే దగ్గర్లో పడవ ఉంటుందిలే" అనే ధీమా ఈ రెండు నెలలూ పనికిరాదు.

ఒడ్డుకొచ్చిన నీళ్లు ఎక్కడో ఓచోట నుంచి వెనక్కి వెళ్లాలి. అవి ఒకే దారిలో బలంగా లోపలికి పోతుంటే మనిషిని కూడా లాక్కుపోతాయి. ఆ దారిలో తరచూ అలలు విరగవు కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడ దింపుదాం" అనుకునే చోటే ప్రమాదం పొంచి ఉండొచ్చు. నది కలిసే చోట ప్రవాహాలు ఇంకా చిక్కుగా ఉంటాయి. అటు వెళ్లకపోవడమే మంచిది. పెద్దవాళ్లెవరైనా అలా కొట్టుకుపోతే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈదుతూ ప్రవాహం నుంచి బయటపడాలి.

చిన్నపిల్లల విషయంలో రూల్స్ ఇవే..

- చీలమండ లోతు దాటి నీళ్లలోకి వద్దు.
- ఎప్పుడూ ఓ పెద్దమనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.
- "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదనే లెక్క. పావుగంట నాన్న, పావుగంట మావయ్య అని వంతులు వేసుకోండి.
- గాలి నింపిన ట్యూబులు, బొమ్మలు వద్దు. గాలి మళ్లితే లోపలికి కొట్టుకుపోతాయి.
- మునిగిపోతున్న పిల్లలు సినిమాల్లోలా కేకలు పెట్టరు. చాలాసార్లు చప్పుడే ఉండదు.

తూర్పు తీరం కాబట్టి సూర్యోదయం సముద్రంలోంచి కనిపిస్తుంది, అస్తమయం మాత్రం మన వీపు వెనక జరిగిపోతుంది. వెలుగు ఉండగానే, ఆరింటిలోపే పిల్లల్ని నీళ్ల నుంచి బయటికి తెచ్చేయాలి.

11 నుంచి 4 వరకు: ఇంట్లో, కారులో మాత్రం కాదు

ఈ ఐదు గంటలు ఇల్లు, లాడ్జి, బంధువుల ఇల్లు.. ఏదైనా సరే నీడపట్టున ఉండాలి. భోజనం, నిద్ర, తాటి ముంజలు, అష్టాచెమ్మా.. పిల్లలకు సెలవులంటే ఇవి కూడా.

కారు గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నారులు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. డోర్లు లాక్ అయ్యాయి. బయటికి రాలేక ఊపిరాడక నలుగురూ చనిపోయారు. వాళ్లను ఎవరో కారులో వదిలి వెళ్లలేదు. వాళ్లే ఎక్కారు. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అందుకే "నిద్రపోతున్నాడు, ఐదు నిమిషాల్లో దర్శనం చేసుకొచ్చేద్దాం" అనే మాటే వద్దు. ఊళ్లో బంధువుల ఇంటి ముందు కారు ఆపినా ప్రతిసారీ లాక్ చేయండి. తాళం పిల్లలకు అందకుండా పెట్టండి. పిల్లలు కనిపించకపోతే ముందుగా బావి, నీళ్ల తొట్టి, కార్లు చూడండి.

బ్యాగులో ఏముండాలి?

నీళ్లు, టోపీ, పల్చటి నూలు బట్టలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు జాగ్రత్త. ఆ పేరు పెట్టుకుని వచ్చిన తియ్యటి డ్రింకులు వేరు, అసలు ఓఆర్‌ఎస్ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దీని కోసం హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. లీటర్ నీటికి సరిపోయే ప్యాకెట్ అయితే మొత్తం లీటర్‌లోనే కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపొచ్చు. చెంచా అంటే టీ స్పూన్, తలకొట్టి కొలవాలి.

ఆరు నెలల్లోపు పాపాయిలకు ఎంత ఎండైనా తల్లిపాలు చాలు, నీళ్లు పట్టొద్దు. మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వాలి. పలాస జీడిపప్పు ఎంత ఫేమస్ అయినా ఐదేళ్లలోపు పిల్లలకు గుళ్లుగా పెట్టకండి. కదిలే కారులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

వడదెబ్బ లక్షణాలు ఇలా..

ముందు చికాకు, తలనొప్పి, వాంతులు, మూత్రం తగ్గడం. ఈ దశలోనే నీడకు చేర్చి కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ తాగించాలి. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే సరిగా పలకకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర, సిరప్ దీనికి పనిచేయవు.

ఎలా వెళ్లాలి? టికెట్ల సంగతేంటి?

రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి శ్రీకాకుళం సుమారు 13 కిలోమీటర్లు. రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 12 ఏళ్లలోపు వాళ్లకు బెర్త్ వద్దంటే హాఫ్, కావాలంటే ఫుల్ టికెట్. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఏపీ మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ప్రయాణం ఉచితం. రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపించాలి. తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డుతో వస్తే టికెట్ తీసుకోవాల్సిందే.

మరి ప్లాన్ ఎలా ఉండాలి?

మొదటి రోజు: ఉదయం 6 గంటలకు అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం, 10 గంటలకల్లా ఇంటికి. సాయంత్రం ఎక్కడికీ వద్దు, పిల్లల్ని వాకిట్లో ఆడుకోనివ్వండి.

రెండో రోజు: ఉదయం 6 గంటలకు శాలిహుండం, ఎండెక్కేలోపు దిగిపోవాలి. మధ్యాహ్నం విశ్రాంతి. సాయంత్రం నాలుగున్నరకు కళింగపట్నం, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం.

సెలవు ఒక్కరోజే ఉంటే? మొదటి రోజు ప్లాన్‌తో సరిపెట్టుకోండి. తేలినీలాపురం వలస పక్షులను కూడా చూడాలనుకుంటే వేసవిలో వెళ్లి లాభం లేదు. అప్పటికి చాలావరకు వెళ్లిపోతాయి. ఆ ట్రిప్‌ను సంక్రాంతి సెలవులకు దాచుకోండి. బయల్దేరే ముందురోజు రాత్రి ఏపీ విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాలవారీ వడగాలుల హెచ్చరిక ఒకసారి చూడండి. గార, శ్రీకాకుళం మండలాల పేర్లు అందులో ఉంటే ప్రయాణం ఓ రోజు వాయిదా వేయడమే మంచిది.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి: అంబులెన్స్ 108, ఎమర్జెన్సీ 112, విపత్తుల నిర్వహణ సంస్థ 1070, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, రైల్వే 139.