వాకిలి సరే, వాలు ఎటు?

అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు వాకిలి తూర్పా, ఉత్తరమా అని తెగ ఆరా తీస్తారు. తీయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే తలెత్తి కప్పు ఎటు వాలిందో కూడా చూడమంటాను. హవాయి దీవుల్ని పక్కన పెడితే, ఆ దేశంలో సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు. మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణానికి ఒరిగే ఉంటాడు. ఇంటి కొప్పు తూర్పు పడమరలుగా సాగితే ఒక వాలు మొత్తం ఆయనకెదురుగా నిలుస్తుంది; సోలార్ ప్యానెళ్ళకు అంతకంటే ఏం కావాలి? కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే విడి ఇళ్ళకూ, మూడంతస్తుల వరకు ఉండే అపార్ట్‌మెంట్లకూ సోలార్ తప్పనిసరి చేశారు. కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయనుకోండి.

"కప్పు మీద మళ్ళీ ప్యానెళ్ళెందుకు తాతయ్యా, వాటితోనే కప్పు వేసేస్తే పోలా?" అంది మా మనవరాలు. మంచి ప్రశ్నే. 2016 అక్టోబరులో ఎలాన్ మస్క్ లాస్ ఏంజెలెస్‌లో ఓ టీవీ సీరియల్ సెట్టులోని ఇళ్ళ మీద అలాంటి పెంకులే పరిచి చూపించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. చిక్కల్లా వేడితో.

ఎండలో రెండు సరుకులున్నాయమ్మా: వెలుగు, వేడి. మీ బామ్మ మేడ మీద పెట్టే వడియాలకు వేడి కావాలి. సోలార్ ప్యానెల్‌కు వెలుగు చాలు, వేడంటే గిట్టదు. మీద పడ్డ ఎండలో అయిదో వంతు మాత్రమే కరెంటవుతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం దాన్నే కాలుస్తుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దిగుబడి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ఎండాకాలం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే 12 నుంచి 16 శాతం గల్లంతే! అందుకే ప్యానెళ్ళను కప్పుకు అంటించకుండా కొన్ని అంగుళాల ఎత్తున బిగిస్తారు, కింద గాలి ఆడాలని. పెంకుల్లా పరిచేస్తే ఆ సందు ఉండదు. అందానికి ఇచ్చుకునే సుంకమది.

దీనికి 1973లోనే డెలావేర్ విశ్వవిద్యాలయంలో కార్ల్ బోయర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఓ ఉపాయం చేశాడు. 'సోలార్ వన్' అని ఇల్లు కట్టించి, సౌరఘటాలను కప్పులోనే పొదిగాడు. వాటి వెనకగా ఫ్యానుతో గాలి పంపి, ఆ వేడిని పోగుచేసి, కరిగి గడ్డకట్టే లవణాల్లో దాచి, ఇంటిని వెచ్చబెట్టుకున్నాడు. ఘటాలకు చల్లదనం, మనుషులకు వెచ్చదనం! అప్పటి కాడ్మియం సల్ఫైడ్ ఘటాల కరెంటు అంతంతమాత్రమే గానీ, ఆలోచన మాత్రం బంగారం. కొత్త పెంకుల హడావుడి కంటే నాకు ఈ పాత ఇల్లే ఎక్కువ నచ్చుతుంది.

దక్షిణపు వాలు దొరకకపోతే దిగులు పడక్కర్లేదు. పడమటి వాలు మొత్తమ్మీద కాస్త తక్కువే ఇచ్చినా, అందరూ ఇళ్ళకు చేరి ఏసీలు వేసుకునే సాయంత్రం వేళ బాగా ఇస్తుంది. కాలిఫోర్నియాలో పెద్ద ప్రైవేటు కరెంటు కంపెనీల పరిధిలో, 2023 ఏప్రిల్ మధ్య నుంచి సోలార్ పెట్టించుకునేవాళ్ళకు, మిగులు కరెంటుకు దక్కే ధర బాగా పడిపోయింది. ఇప్పుడు అమ్ముకోవడం కంటే వాడుకోవడమే లాభం.

ఇంకోటి. బాత్‌రూముల నుంచి కప్పు పైకి లేచే గాలిగొట్టాలున్నాయే, వాటి నీడతో జాగ్రత్త. ప్యానెల్‌లో ఘటాలు ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద నీడ పడితే దాని వరుసంతా కుంటుపడుతుంది. ప్లాను గీసేనాడే ఆ గొట్టాలను ఉత్తరపు వాలుకు జరపమంటే దాదాపు ఖర్చే ఉండదు. గోడలు లేచాక జరపాలంటే ప్లంబర్ చెప్పే రేటుకు మీకే చెమటలు పడతాయి.