చెవి మందగించిన పెద్దలకు హెడ్‌ఫోను ఆంప్లిఫయరు

వినికిడి తగ్గినవారికి రేడియో మరల తెలియునట్లు చేయు ఒక చిన్న యంత్రమును గూర్చియు, దానిని స్వహస్తములతో కట్టుటలో నేను చేసిన పొరపాటులను గూర్చియు ఈ సాయంకాలము మీకు విన్నవించుకొందును.

మా పెదనాయనగారికి ఎనుబదియైదేండ్లు. జూలూరుపాడులో, అడవి యంచున, పత్తియు మిరపయు పండించి ఇప్పుడు అరుగుమీద కూర్చుండు వయసునకు వచ్చినారు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనప్పటికి ఆయన చిన్నబాలుడు. మా యింటికి రేడియో పెట్టె వచ్చిన నాటినుండి వార్తలు వినక రాత్రి భుజించినవారు కారు. కొత్తగూడెములో ఆకాశవాణి కేంద్రము వచ్చిన పిదప, మన ప్రక్క ఊరివారే మాటలాడుచున్నట్లున్నదని మరింత ముచ్చటపడిరి. అట్టివారు రెండేండ్లుగా రేడియోను ముట్టుట మానివేసిరి. కారణ మడుగగా, "చప్పుడు వినబడుతున్నదిరా, మాట తెలుస్తలేదు" అనిరి.

ఈ ఒక్క మాటలో వ్యాధి యంతయు ఉన్నది. మన భాషలో అచ్చుల ధ్వని లావైనది, బలము గలది. హల్లులలో స, శ, త, ప, క వంటివాని ధ్వని సన్ననిది, బలహీనమైనది. వయసుతో మొదట తగ్గునది ఈ సన్నని ధ్వనులను పట్టు శక్తియే. అందుచేత పాలు, తాలు, కాలు అను మూడు మాటలును ఒక్క 'ఆలు'గానే చెవిని బడును. ఇండ్లలో ఎన్ని తగవులు దీనివలన పుట్టుచున్నవో చెప్పనక్కరలేదు. అరచి చెప్పినను లాభము తక్కువ. అరపు అచ్చులనే పెంచును గాని హల్లులను పెంచదు.

యంత్రము మాట ఎత్తుటకు ముందు వైద్యునికి చూపవలెను. చెవిలో గుబిలి గట్టిపడినను వినికిడి తగ్గును. దానిని తీసివేసినంతనే చాలమందికి బాగగును. ఒక్కసారిగా ఒక చెవి మూతపడినచో ఒక దినమైనను ఆలస్యము చేయరాదు. మా పెదనాయనగారికి అట్టిదేమియు లేదు, వయసువలన వచ్చినదే యని వైద్యుడు చెప్పెను.

మా యింట చెవులను పూర్తిగా కప్పు పెద్ద హెడ్‌ఫోను ఒకటి ఉండెను. దానిని చిన్న రేడియోకు తగిలించిన యెడల ధ్వని మిక్కిలి నీరసముగా వచ్చెను. దానిమీద 250 ఓములని వ్రాయబడియున్నది. గొట్టము సన్ననిదైనకొలది నీటిని తోయుటకు మోటారు ఎక్కువ ఒత్తిడి పెట్టవలసినట్లే, ఓములు హెచ్చిన హెడ్‌ఫోనునకు ఎక్కువ వోల్టేజి కావలెను. రెండు చిన్న బ్యాటరీలతో నడచు రేడియో అంత ఇయ్యజాలదు. ఈ కొరతను తీర్చునదే ఆంప్లిఫయరు.

హెడ్‌ఫోను పుట్టుకయే ఇంటిపనితో ముడిపడియున్నది. అమెరికాలో నథానియెల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటయింటిలో వానిని తయారుచేసి, 1910లో అక్కడి నౌకాసేనకు పంపెను. కావున మన అరుగుమీద అట్టి పని చేయుట వింత కాదు.

హైదరాబాదు కోఠీలో విడిభాగముల కిట్టు నొకదానిని కొని తెచ్చితిని. అందులో ముఖ్యమైనది ఎల్.ఎం. 386 అను ఐసీ. వేలిగోరంత నల్లని ముక్క, ఎనిమిది కాళ్ళు. దానిని గ్రుచ్చుటకు ఒక సాకెట్టు, కొన్ని కండెన్సర్లు, ఒక రెసిస్టరు, వాల్యూము మీట, పచ్చని పలక, 9 వోల్టుల బ్యాటరీకి తీగ. ఇంతే. సంగీతమునకు కుడియెడమలకు వేర్వేరుగ రెండు ఐసీలు కావలెను. మాటలకు ఒకటి చాలును. రేడియోనుండి కుడియెడమ తీగలు రెండు వచ్చుచున్నచో వానిని నేరుగ కలుపరాదు. ఒక్కొక్కదానికి వేయి ఓముల రెసిస్టరు చేర్చి ఆ పిమ్మట కలుపవలెను.

కొందరు బ్యాటరీకి బదులు గోడ ప్లగ్గునుండి కరెంటు నిచ్చు అడాప్టరును వాడుదురు. నాకది ఇష్టము లేదు. చెవులకు తగిలించుకొను వస్తువు 230 వోల్టులకు ఎంత దూరముగ నున్న అంత మంచిది. పైగా చవుక అడాప్టరులు హెడ్‌ఫోనులో ఝుంకారము పుట్టించును.

పలకకు కాళ్ళను అతుకుటయే ఈ పనిలో అసలు విద్య. 25 వాట్ల సోల్డరింగు ఐరన్ చాలును. తగరము నూటికి అరువది పాళ్ళు, సీసము నలుబది పాళ్ళు గల తీగ సుమారు 190 డిగ్రీల వేడిమికి పూర్తిగా కరగును. దాని నడుమ పైను చెట్ల బంకనుండి తీసిన రోజను ఉండును. సోల్డరును ఐరన్‌మీద కరగించి కాలిమీద పూయరాదు. కాలిని, పలకమీది రాగిబిళ్ళను రెండింటిని ఒకేసారి వేడిచేసి, ఆ వేడికి సోల్డరు కరగునట్లు తాకింపవలెను. మంచి అతుకు మెరయుచు, కాలిచుట్టు దిగువకు వాలియుండును. చెడ్డ అతుకు తామరాకుమీది నీటిబొట్టువలె గుండ్రముగ నిలుచును. సీసమున్నది గనుక పని ముగిసినంతనే చేతులు కడుగుకొనవలెను. పసిపిల్లలను దరికి రానీయరాదు.

ఒక సాయంకాలమంతయు కూర్చుండి కట్టితిని. బ్యాటరీ తగిలించితిని. నిశ్శబ్దము! పెదనాయనగారు హెడ్‌ఫోను తీసి నా ముఖమువంక చూచిరి గాని ఏమియు ననలేదు. ఐసీ చెడినదని నిశ్చయించి, ఖమ్మము పోయి క్రొత్తది తెచ్చి గ్రుచ్చితిని. మరల నిశ్శబ్దమే. నా తెలివితక్కువ ఇక్కడ నున్నది: కొలువకయే దోషమును నిర్ణయించితిని.

మా ఊరిలో మోటారులు బాగుచేయు కుఱ్ఱవాడొకడు మల్టీమీటరుతో వచ్చెను. దానిని 20 వోల్టుల డీసీ గుర్తుకు త్రిప్పి, నల్లని ముల్లును బ్యాటరీ ఋణపు కొసకు పట్టి, ఎఱ్ఱముల్లుతో ఒక్కొక్కచోట తాకుచు పోయెను. ఐసీ గుంటను పైకి పట్టి చూచినచో ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1 మొదలు 4 వరకును, కుడి వరుసలో క్రిందినుండి పైకి 5 మొదలు 8 వరకును కాళ్ళు. పలకను తిరగవేసినచో ఈ లెక్క తారుమారగును, జాగ్రత్త. బ్యాటరీ కరెంటు చేరునది 6వ కాలు. అక్కడి రాగిబిళ్ళమీద 9 వోల్టులు కనబడెను. ముల్లును రవంత జరిపి ఐసీ కాలిమీదనే పట్టగా, సున్న! బిళ్ళవరకు వచ్చిన కరెంటు కాలికి ఎక్కుటలేదు. సాకెట్టు అతుకు పైకి అతికినట్లున్నదే గాని లోపల అంటలేదు. ఎన్ని ఐసీలు మార్చిన నేమి ఫలము?

ఆ అతుకును మరల వేడిచేసి సరిచేసితిమి. అప్పుడు వాడు 5వ కాలిని కొలిచెను. ధ్వని బయలుదేరునది అచటినుండియే. ఏ ధ్వనియు లేనప్పుడు అక్కడ బ్యాటరీలో సరిగ సగము, అనగా సుమారు నాలుగున్నర వోల్టులు ఉండవలెను. ధ్వని పైకిని క్రిందికిని ఊగుటకు సమానమైన చోటు కావలెను గదా! ఆ సగము కనబడినచో ఐసీ చాలవరకు క్షేమమే. సున్నకో, తొమ్మిదికో అంటుకొనియున్నచో ముందు అతుకులను, పిమ్మట ఐసీని అనుమానింపవలెను. మరియొక పరీక్ష: హెడ్‌ఫోనును చెవులనుండి తీసి బల్లమీద పెట్టి, ధ్వని లోనికి వచ్చు తీగను వ్రేలితో తాకినచో 'బుయ్' మను శబ్దము రావలెను. వచ్చినచో దోషము ఆంప్లిఫయరులో లేదు, దానికి ముందున్న తీగలోనో, ప్లగ్గులోనో ఉన్నది.

గుండ్రని కండెన్సర్లకు ఒక ప్రక్క గీత యుండును. అది ఋణపు కాలు. 5వ కాలివైపు ధనపు కాలు రావలెను. తిరగబడినచో కండెన్సరు వేడెక్కి పగులవచ్చును.

పలుకుట ఆరంభించినది గాని, వెనుక తాలింపు వేగుచున్నట్లు రొద. కిట్టులో నిచ్చిరి గదాయని 1, 8 కాళ్ళ నడుమ 10 మైక్రోఫారడ్‌ల కండెన్సరును పెట్టియుంటిని. అది లేనియెడల ఐసీ ధ్వనిని ఇరువది రెట్లు పెంచును. ఉన్నయెడల రెండువందల రెట్లు. రొదయు అట్లే పెరుగును, చెవికిని అపాయము. తీసివేసితిని. రొద అణగెను.

అయినను పెదనాయనగారు, "పెద్దగ వినబడుతున్నది, అంతే" అనిరి. నేను చప్పుడునే పెంచితిని, మాటను పెంచలేదు. అప్పుడు 5వ కాలికిని హెడ్‌ఫోనుకును నడుమనున్న 220 మైక్రోఫారడ్‌ల కండెన్సరును తీసి, 4.7 మైక్రోఫారడ్‌లది పెట్టితిని. చెవులు రెండును కలిపి కట్టిన ఈ హెడ్‌ఫోనుకు అది జల్లెడవంటిది. లావు ధ్వనులను తగ్గించి సన్ననివానిని పోనిచ్చును. వేరు హెడ్‌ఫోనుకు వేరు కొలత కావలెను. నాకు వార్తలు రేకుడబ్బాలో మ్రోగినట్లుండెను. ఆయనకు మాత్రము హల్లులు తేలినవి. కొన్న యంత్రముకంటె కట్టుకొన్న యంత్రము ఇందుకే నాకు ప్రియము: దానిని ఒకరి చెవికి తగినట్లు మార్చవచ్చును.

ఇది వైద్యులిచ్చు వినికిడి యంత్రమునకు ప్రత్యామ్నాయము కాదు. ఇందులో మైక్రోఫోను లేదు. ఎదుటి మనిషి మాట దీనిలో వినబడదు. వాల్యూము మీటను తగ్గించిన పిదపనే చెవులకు పెట్టుకొనవలెను. 85 డెసిబెల్లులకు మించిన ధ్వని గంటలతరబడి వినినచో ఉన్న వినికిడియు పోవును. ఊరకయున్నను ఐసీ 4 మిల్లీ ఆంపియర్లు త్రాగుచునే యుండును గనుక రాత్రి స్విచ్చి ఆపవలెను. మొదటి బ్యాటరీని మరచి నాలుగు దినములలో మేము ముగించితిమి.

ఇప్పుడు పెదనాయనగారు ఒక చెవికే హెడ్‌ఫోను పెట్టుకొని, రెండవచెవిని వీధివైపు విడిచిపెట్టుచున్నారు. మొన్న రాత్రి రేడియోలో పత్తి ధర చెప్పుచుండగా చేయెత్తి మమ్ముల నందరిని ఆపిరి. వినుట ముగించి, "వీడు చెప్పిన ధర ఒకటి, నిన్న వచ్చిన బేరగాడు చెప్పిన ధర ఒకటి. వాడిని మళ్ళ పిలువురా" అనిరి.