మురికివాడలో మురుగు గొట్టం

మురికివాడ అనగానే మురికి అందరి కంటా పడుతుంది. అది ఎక్కడనుంచి వచ్చినదో మాత్రం కనబడదు. ఏ ఇంటిలోనైనా వాడిన నీరు వాడినంతా మురుగుగా మారవలసినదే. సంపన్నుల పేటలో ఆ మురుగు నేలక్రింది గొట్టంలోనుంచి కంటపడకుండా వెళ్ళిపోతుంది. పేదల వాడలో గొట్టం లేదు గనుక వాకిటిముందు నిలిచిపోతుంది. రెండు చోట్లా మనుషుల అలవాట్లలో తేడా ఏమీ లేదు. తేడా అంతా నేలక్రింద ఉన్నది.

ఐక్యరాజ్యసమితి నివాస విభాగంవారు మురికివాడను నిర్వచించేటప్పుడు ఐదు విషయాలు చూస్తారు: మంచినీరు, పారిశుద్ధ్యం, గట్టి ఇల్లు, ఇరుకు లేకుండా ఉండడం (గదికి ముగ్గురికి మించకూడదని లెక్క), ఉన్నచోటునుంచి ఎవరూ వెళ్ళగొట్టరన్న భరోసా. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా ఆ కుటుంబం మురికివాడలో ఉన్నట్లే లెక్క. ఈ కొలతనుబట్టి చూస్తే నేడు ప్రపంచంలో 100 కోట్లకు పైగా జనం మురికివాడలలో బ్రతుకుతున్నారు.

వీరి విషయంలో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు 1950, 60 ప్రాంతాలలో చాలా ప్రభుత్వాలకు తెలిసిన సమాధానం ఒక్కటే: గుడిసెలు పడగొట్టి, ఊరి చివర మేడలు కట్టి, జనాన్ని అక్కడికి తరలించడం. కట్టగలిగిన మేడలు కొన్ని, పడగొట్టిన గుడిసెలు అనేకం. కూలిపనికి పోవడానికి రెండు బస్సులు మారవలసినవాడు మేడలోని వాటాను అమ్ముకొని తిరిగి పాత చోటికి దగ్గరలోనే మరొక గుడిసె వేసుకొనేవాడు. దీనికి భిన్నమైన మార్గం ఉన్నదని గట్టిగా వాదించినవారిలో బ్రిటిష్ వాస్తుశిల్పి జాన్ టర్నర్ ఒకడు. ఆయన 1957 నుంచి 1965 వరకు పెరూ దేశంలో పనిచేస్తూ, పేదకుటుంబాలు చాపలతో మొదలుపెట్టిన ఇంటిని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఇటుకల ఇల్లుగా మార్చుకోవడం చూసినాడు. 1969 లో ఇండొనీషియా రాజధాని జకార్తాలో ఇళ్ళజోలికి పోకుండా కాలిబాటలు, మురుగుకాలువలు, కుళాయిలు వేసే కార్యక్రమం ప్రారంభమైనది. 1974 నుంచి దానికి ప్రపంచబ్యాంకు అప్పు ఇచ్చినది. 1976 లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఐక్యరాజ్యసమితి మానవ నివాసాలపై మహాసభ జరిపేనాటికి ‘ఉన్నచోటనే బాగుచేయడం’ అన్న మాట అంతర్జాతీయ గృహవిధానంలోకి వచ్చినది.

ఈ మాటలో ఒక చిక్కు ఉన్నది. గోడ కట్టుకోవడం, రేకులు వేసుకోవడం ఒక్క కుటుంబం చేసుకోగల పని. మురుగు గొట్టం అట్లా కాదు. ఎగువ ఇంటివాడు వేసిన గొట్టం దిగువ ఇంటి ముందుగా పోక తప్పదు. అయితే ఆ గొట్టం ఎవరు వేయవలెను? దీనికి స్పష్టమైన జవాబు పాకిస్తాన్‌లోని కరాచీ నగరపు వాయవ్య అంచున గల ఒరంగి అనే వాడనుంచి వచ్చినది.

ఒరంగి 1960 దశకంలో వెలసినది. 1971 యుద్ధం తర్వాత తూర్పు బెంగాలునుంచి వచ్చిన కాందిశీకులతో అది బాగా పెరిగినది. ప్రభుత్వ భూమిని దళారులు ముక్కలు చేసి అమ్మినారు. ఇళ్ళు జనమే కట్టుకున్నారు. సిమెంటు దిమ్మలు పోసే చిన్న వ్యాపారులు ప్రతి పేటలోనూ ఉండేవారు. వారే దిమ్మలు అరువిచ్చేవారు, మేస్త్రిని కుదిర్చేవారు, సలహా కూడా చెప్పేవారు. ఈ విధంగా లక్షల జనానికి ఇళ్ళు ఏర్పడినవి గాని మురుగుకు దారి ఏర్పడలేదు. కొందరికి బకెట్టు దొడ్లు, కొందరికి ఇంకుడు గుంటలు. గుంటలు కొద్ది ఏండ్లలో నిండిపోయేవి. వంటింటి నీరు, స్నానాల నీరు సందులోకే వదిలేవారు. పిల్లలు ఆడుకొనేది ఆ సందులోనే గనుక విరేచనాలు, టైఫాయిడు వంటి జబ్బులు ఇల్లిల్లూ తిరగడంలో ఆశ్చర్యం లేదు.

1980 లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఇక్కడ ‘ఒరంగి పైలట్ ప్రాజెక్టు’ అనే సంస్థను ప్రారంభించినాడు. ఆయన 1914 లో ఆగ్రాలో పుట్టి, ఐ.సి.యస్. ఉద్యోగంలో చేరి, బెంగాలు కరువు తర్వాత ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అలీగఢ్ దగ్గర కొంతకాలం తాళాలు చేసే పనిలో కుదిరిన మనిషి. తరువాత తూర్పు బెంగాలులోని కొమిల్లాలో గ్రామాభివృద్ధికై చేసిన కృషికి 1963 లో మెగసెసే బహుమానం వచ్చినది. ఒరంగికి వచ్చేసరికి ఆయనకు అరవై అయిదేళ్ళు దాటినవి. వచ్చిన కొత్తలో ఏ గొట్టమూ వేయలేదు. సందులవెంట తిరుగుతూ జనాన్ని ప్రశ్నలు అడగడంతోనే చాలా కాలం గడిపినాడు.

ఆయన కనుగొన్న అడ్డంకులు నాలుగు. మొదటిది మనస్సులో ఉన్నది: మురుగుకాలువ వేయడం ప్రభుత్వం పని, ఉచితంగా రావలసినది అని జనం నమ్మినారు. రెండవది ధర: కంట్రాక్టరు చెప్పే ధర పేదవాడికి అందదు. మూడవది సాంకేతికం: మట్టం చూడడం, గొట్టం అతకడం ఎవరికీ తెలియదు. నాలుగవది సంఘటన: ఇరుగుపొరుగువారు కలిసి పనిచేయడానికి వేదిక లేదు. ఈ నాలుగింటికీ ఆయన ఎంచుకొన్న విరుగుడు సందు. ఒక సందులో 20 నుంచి 30, 40 వరకు ఇళ్ళు ఉంటవి. అందరూ ఒకరినొకరు ఎరుగుదురు. ఎవరు డబ్బు ఇచ్చినదీ ఎవరు ఎగవేసినదీ దాగదు. సందువారు తమలో ఒక పెద్దను ఎన్నుకొంటారు. ఆయనే డబ్బు వసూలు చేస్తాడు, ఆయనే ఖర్చు పెడతాడు. సంస్థ ఒక్క రూపాయి ఇవ్వదు, ఒక్క రూపాయి ముట్టదు. నకాసు గీసి, ఖర్చు లెక్క కట్టి, పనిముట్లు ఎరువిచ్చి, పని నేర్పుతుంది.

ఇక్కడ కొంచెం గణితం అవసరం. మురుగు గొట్టంలో నీరు పోతే చాలదు, మలినాన్ని వెంట తీసుకొనిపోవలెను. అందుకు నీరు క్షణానికి సుమారు 0.6 మీటరు వేగంతో పారవలెనని ఇంజనీర్లు లెక్క కట్టినారు. వేగం గొట్టం వాటంమీద ఆధారపడుతుంది. అయితే వాటం రెట్టింపు చేసినంతమాత్రాన వేగం రెట్టింపు కాదు. వేగం రెట్టింపు కావలెనంటే వాటం నాలుగురెట్లు కావలెను. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889 లో ప్రతిపాదించిన సూత్రం ఇదే చెప్పుతున్నది. ఆ సూత్రం ప్రకారం, 6 అంగుళాల (15 సెం.మీ.) సిమెంటు గొట్టం సగంవరకు నిండి పారుతున్నప్పుడు పై వేగం రావలెనంటే సుమారు 200 కు 1 వాటం కావలెను. అంటే 100 మీటర్ల సందుకు అర మీటరు పల్లం. ఎగువ చివర అర మీటరు లోతున మొదలుపెట్టిన గొట్టం దిగువ చివరకు ఒక మీటరు లోతుకు చేరుతుంది. పారతో ఇద్దరు మనుషులు తవ్వగల లోతు అది. నేల తనంతట తానే వాలి ఉన్నచోట ఆ లోతు కూడా అక్కరలేదు.

ఇదే చిన్న గొట్టాన్ని 10 కిలోమీటర్లు పొడిగించినామనుకొందాం. 50 మీటర్ల లోతుకు పోవలసి వస్తుంది. అది జరిగేపని కాదు. కాని గొట్టం లావయ్యేకొద్దీ అదే వేగానికి కావలసిన వాటం తగ్గుతుంది. 2 అడుగుల గొట్టానికి సుమారు 1300 కు 1 చాలును. కనుక సందులలోని సన్నని గొట్టాలు వీలైనంత త్వరగా లావు గొట్టంలో కలవవలెను. ఆ లావు గొట్టం ఒక సందుదీ కాదు, ఒక పేటదీ కాదు. అనేక పేటల నేలమట్టం తెలిసినవారు, పెద్ద పెట్టుబడి పెట్టగలవారు వేయవలసినది. ఖాన్ బృందం ఈ సంగతినే ఒక విభజనగా చెప్పినది. ఇంటిలోని మరుగుదొడ్డి, సందులోని గొట్టం, సందులను కలిపే పేటకాలువ, ఈ మూడూ లోపలి భాగం, జనానిది. పెద్ద కాలువ, మురుగును శుద్ధిచేసే కేంద్రం, ఈ రెండూ బయటి భాగం, ప్రభుత్వానిది. ఎవరు ఏది చేయవలెనన్నది రాజకీయ వాదంగా కనబడుతుంది గాని, దాని మూలం కొంతవరకు గొట్టం వ్యాసంలోనే ఉన్నది.

లెక్కలో మరొక మెలిక ఉన్నది. 30 ఇళ్ళ సందులో ఇంటికి ఆరుగురు, మనిషికి రోజుకు 60 లీటర్లు అనుకొందాం. రోజుకు 10,800 లీటర్లు. సగటున క్షణానికి లీటరులో ఎనిమిదవ వంతు. 6 అంగుళాల గొట్టం సగం నిండి పారవలెనంటే క్షణానికి 5 లీటర్లకు పైగా కావలెను. అంటే రోజులో చాలాభాగం ఆ గొట్టంలో ఒక సన్నని ధార తప్ప ఏమీ ఉండదు. ఆ ధార మలినాన్ని నెట్టలేదు. ఒరంగిలో దీనికి ఉపాయంగా మరుగుదొడ్డికీ సందు గొట్టానికీ మధ్య ప్రతి ఇంటి ముందూ ఒక చిన్న తొట్టి కట్టినారు. దానిని అక్కడ ‘హౌదీ’ అంటారు. మన సెప్టిక్ ట్యాంకుకు అది చిన్న చెల్లెలు వంటిది. బరువైన మలినం దాని అడుగున నిలుస్తుంది, తేట నీరు మాత్రం గొట్టంలోకి పోతుంది. మోయవలసిన బరువు తగ్గినప్పుడు తక్కువ వాటంతోనూ పని జరుగుతుంది. తొట్టిని అప్పుడప్పుడు శుభ్రం చేయవలెను, అంతే.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ముందరి కాలువమీదనే పరీక్షింపజేయవచ్చును. మేస్త్రీలు వాడే సన్నని పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టంలో గాలిబుడగలు లేకుండా నీరు నింపి, రెండు చివరలూ కాలువవెంట దూరంగా నిలిపి పట్టుకొంటే రెండు చివరలలోనూ నీరు ఒకే మట్టాన నిలుస్తుంది. ఆ మట్టంనుంచి కాలువ అడుగు ఒకచోట ఎంత లోతున, మరొకచోట ఎంత లోతున ఉన్నదో కొలిచి, తేడాను దూరంతో భాగిస్తే వాటం వచ్చినట్లే. నీరు నిలిచి దోమలు పెరిగే కాలువలో ఈ సంఖ్య ఎంత ఉంటుందో విద్యార్థులు స్వయంగా తెలుసుకొంటారు.

ఒరంగిలో పని మొదటినుంచీ సాఫీగా సాగలేదు. తొలి సందులలో అతుకులు సరిగా పడలేదు. కాంక్రీటును చాలినన్ని రోజులు తడపక మ్యాన్‌హోళ్ళు బలహీనపడినవి. 1982 లో సలహాదారుగా వచ్చిన వాస్తుశిల్పి ఆరిఫ్ హసన్ ఈ లోపాలను పరిశీలించి నమూనాలు మార్చినాడు. మ్యాన్‌హోలు పోయడానికి ఇనుప అచ్చులు చేయించి సందులకు ఎరువిచ్చినారు. కరాచీ కళాశాలల విద్యార్థులు పేట పేటా కొలిచి పటాలు గీసినారు. కంట్రాక్టరు లాభం, మధ్యవారి మామూళ్ళు పోయి, నమూనా సులువు కావడంతో 1980 దశకంలో మరుగుదొడ్డితో సహా ఇంటికి దాదాపు 1000 పాకిస్తానీ రూపాయలలో పని పూర్తయినది. ప్రభుత్వ శాఖల అంచనాతో పోల్చితే ఇది చాలా చిన్న భాగం. అదే కాలంలో ఐక్యరాజ్యసమితి నిపుణులు కూడా ఒరంగికి వచ్చి, ముందుగా లక్ష్యాలు, కాలపట్టిక నిర్ణయించుకొని తమ పద్ధతిలో పనిచేసినారు. వారి పని కొన్ని సందులతోనే ఆగిపోయినది. సందు పద్ధతిలో మాత్రం కాలక్రమంలో లక్షకు పైగా ఇళ్ళకు గొట్టాలు పడినవి. నిపుణుల సామర్థ్యాన్ని శంకించనక్కరలేదు. కాలపట్టిక నిపుణులది, సందు జనానిది, ఆ రెండూ కలవలేదు.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగినవి. హైదరాబాదులో 1967 లో పట్టణ సమాజాభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైనది. 1980 దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో హైదరాబాదులోనూ, 1988 నుంచి విశాఖపట్నంలోనూ మురికివాడలలో బాటలు, కాలువలు, కుళాయిలు, దీపాలు ఏర్పాటు చేసినారు. ఇందూరు నగరంలో హిమాంశు పారిఖ్ అనే ఇంజనీరు 1989 నుంచి వాగుల సహజమైన పల్లాన్ని అనుసరించి మురికివాడల గొట్టాలన్నింటినీ నగరపు గొట్టాలతో కలిపినాడు. దానికి 1998 లో ఆగాఖాన్ వాస్తు బహుమానం వచ్చినది. ఆ తర్వాత పరిశీలించినవారు కొందరు, నీటి సరఫరా చాలనిచోట్ల గొట్టాలు పూడుకుపోయినవని విమర్శించినారు. పైన చెప్పిన సన్నని ధార లెక్క గుర్తున్నవారికి ఇందులో వింత కనబడదు.

ఒరంగి లోపలి భాగం పూర్తయిన తరువాత బయటి భాగం మిగిలినది. సందుల మురుగు అంతా వర్షపు వాగులలో పడుతున్నది. వాటిని కరాచీలో ‘నాలాలు’ అంటారు. మురుగు ఎట్లాగూ సహజమైన పల్లాన్ని పట్టి నాలాకే చేరుతున్నది గనుక, నాలాలకే కాంక్రీటు పెట్టెలు కట్టి, వాటి చివర శుద్ధి కేంద్రాలు పెడితే చాలునని ఈ సంస్థ పటాలు చూపి వాదించినది. కొరంగి ప్రాంతానికి ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో తలపెట్టిన ఒక భారీ పథకం ఈ వాదన ఫలితంగా 1999 లో రద్దయినది. కొన్ని నాలాలను నగరంవారు కట్టినారు కూడా. శుద్ధి కేంద్రాలు మాత్రం నగరానికి తగినన్ని రాలేదు. కరాచీ మురుగులో చాలాభాగం నేటికీ శుద్ధి కాకుండానే సముద్రంలో కలుస్తున్నది. సందువాడు తన వంతు చేసినాడు. ఆ తరువాత గొట్టం ఎంతదూరం పోవలెనన్నది అతని చేతిలో లేదు.

1983 నుంచి ఈ పటాల పని నడిపిన వాస్తుశిల్పి పర్వీన్ రహమాన్‌ను 2013 మార్చి 13 న కరాచీలో కాల్చిచంపినారు. ఆమె గీయించిన పటాలలో గొట్టాలే కాక, ఏ భూమి ఎవరి అధీనంలో ఉన్నదో, నీరు ఎక్కడ దొంగిలింపబడుతున్నదో కూడా కనబడేది.

2020 ఆగస్టులో కరాచీని వరదలు ముంచెత్తినవి. నాలాలు పూడి, వాటి గట్లపై ఇళ్ళు రావడమే కారణమని నిర్ణయించి, గుజ్జర్ నాలా, ఒరంగి నాలా గట్ల వెంబడి ఇళ్ళను కూల్చడం మొదలుపెట్టినారు. 2021 లో వేలాది ఇళ్ళు నేలమట్టమైనవి. ఆ ఏడు జూన్ నెలలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నిపుణులు కూల్చివేతలు ఆపమని పాకిస్తాన్ ప్రభుత్వాన్ని కోరినారు. నాలా వెడల్పు కావలసిన మాట నిజమే. అయితే కూలిన ఇళ్ళలో ప్రభుత్వ శాఖలే లీజు పత్రాలు వ్రాసి ఇచ్చినవి కూడా ఉన్నవి.