మీకు తెలుసా? రైలు వదిలేసిన దారి సైకిలుకు దక్కింది

మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపం ఉంది. దాని తూర్పు భాగంలో, మనకోర్, అర్తా పట్టణాల మధ్య 29 కిలోమీటర్ల పొడవునా కార్లు తిరగని బాట ఒకటి సాగుతుంది. ఒకప్పుడది రైలు దారి. 1921లో మొదలైన రైళ్లు 1977లో ఆగిపోయాయి. ఆ దారినే తర్వాత నడిచేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు వదిలారు. పేరు ‘వియా వెర్దె’, అంటే పచ్చబాట.

ఈ బాటలో నిటారైన ఎత్తులు ఉండవు. కారణం రైలే. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ, వాలు పెరిగితే జారుతుంది. అందుకే రైలు దారి వేసేవాళ్లు మిట్ట అడ్డొస్తే తవ్వుతారు, పల్లం వస్తే కట్ట పోస్తారు. ఇంజను కోసం పడిన ఆ పాట్లు ఇప్పుడు సైకిలు తొక్కేవాళ్ల మోకాళ్లను కాపాడుతున్నాయి! పిల్లలు కూడా తొక్కగలరు.

బాట తారుది కాదు, గట్టిగా అణిచిన కంకర మట్టిది. సన్నటి టైర్ల రేసు సైకిలు ఇక్కడ ఇబ్బంది పెడుతుంది, కాస్త లావు టైర్లుంటే హాయి. సాన్ లోరెన్స్, సోన్ కరియో, సోన్ సెర్వేరా ఊళ్ల మీదుగా వెళ్తుంటే పాత స్టేషన్లు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, బాదం చెట్లు కనిపిస్తాయి. ఆ బాదం పూత చూడాలంటే జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో వెళ్లాలి. ఒక్క జాగ్రత్త: బాట అక్కడక్కడా మామూలు రోడ్లను దాటుతుంది, అక్కడ మాత్రం ఆగి చూసుకోవాల్సిందే.