అభిప్రాయము నడుగు ఆంగ్లపదములు

ఇంగ్లీషున వ్యాసము వ్రాయుమన్నచో మన విద్యార్థులు పూలతోటను గూర్చియు, గోదావరిని గూర్చియు, పండుగలను గూర్చియు చక్కగనే వ్రాయుదురు. "ఈ విషయమున నీ తలంపేమి?" అని యడిగినప్పుడు మాత్రము కలము నిలిచిపోవును. ఇది భావము లేమిచే గాదు; ఒకదానికొకటి దగ్గరగానుండు పదముల భేదము తెలియకపోవుటచేతనే. అట్టివానిని కొన్నింటిని ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట అడుగుట. తెలుగున పెద్దలను "తమరేమందురు?" అనియు, తోడివారిని "నీవేమందువు?" అనియు నడుగుదుము. మర్యాద సర్వనామముననే యున్నది. ఆంగ్లమున 'యూ' అను నొక్క మాటయే యెల్లరకును చెల్లును గావున మర్యాదను ప్రశ్న కూర్పులో చూపవలెను. స్నేహితుని "వాట్ డూ యూ థింక్?" అని యడుగవచ్చును. ఉపాధ్యాయుని "మే ఐ ఆస్క్ యువర్ ఒపీనియన్?" అని యడుగుట తగును.

ప్రత్యుత్తరమున మనవారు తఱచుగా "అకార్డింగ్ టు మీ" అని మొదలిడుదురు. 'అకార్డింగ్ టు' అనునది యితరుల మాటను గాని గ్రంథమును గాని పేర్కొనుటకు వాడునది. తన తలంపునకు "ఇన్ మై ఒపీనియన్" అనవలెను. అట్లే 'డిస్కస్' అను క్రియకు పిమ్మట 'అబౌట్' చేర్పరాదు. "గూర్చి చర్చించుట" యను మన తెలుగు అలవాటే యీ దోషమునకు మూలము.

ఇక చర్చ. మన న్యాయశాస్త్రము దీనిని మూడు విధములుగా విభజించినది. సత్యమును తెలియుటకై చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షమును నిలుపక యెదుటివాని పక్షమును ఖండించుటయే పనిగా గలది వితండ. ఆంగ్లమున 'డిస్కషన్' వాదమునకు దగ్గరిది. 'డిబేట్' సభ యెదుట రెండు పక్షములుగా నిలిచి పలుకుట. 'ఆర్గ్యుమెంట్' అను పదమునకు హేతువనియు, జగడమనియు రెండర్థములు గలవు. తెలుగున వాదమునకును వాదులాటకును గల దూరమంతయు ఆ యొక్క పదమున నిమిడియున్నది.

ఈ పదముల విలువ తెలుగుభాషను గూర్చిన వివాదముననే కనబడును. 1911వ సంవత్సర ప్రాంతమున పాఠశాలలలో తెలుగు వ్యాసములు గ్రాంథికమున వ్రాయవలెనా, వ్యావహారికమున వ్రాయవలెనా యను ప్రశ్న పుట్టెను. మన కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికపక్షమును నడపిరి. తెలుగును గూర్చిన యీ పోరు చాలవఱకు ఇంగ్లీషుననే సాగుట విచిత్రము. 1913లో గిడుగువారు వ్రాసినదానికి 'మెమొరాండమ్' అని పేరు. అనగా అధికారులకు విషయము తెలుపు విన్నపపత్రము. అదే సంవత్సరమున జయంతివారు ప్రకటించినదానికి 'డిఫెన్స్' అని పేరు. అనగా తన పక్షమునకు రక్షణగా చెప్పు సమాధానము. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించినది 'మినిట్ ఆఫ్ డిసెంట్'. సంఘములో ఎక్కువమంది తీర్మానమును అంగీకరింపని సభ్యుడు తన కారణములను వ్రాసి దాఖలు చేయు పత్రమునకు ఇది పేరు. నాడు పాఠశాలలలో గ్రాంథికమే నిలిచెను. నేడు మన పత్రికలు వ్యావహారికముననే వెలువడుచున్నవి. ఓడిన పక్షము తన మాటను కాగితముపై నుంచుటచే అది నశింపలేదు.

మఱి రెండు పదములను మన సీమవారు ఈ మధ్యనే యెఱుగుదురు. 2022 ఏప్రిల్ 4వ తేదిని కోనసీమ జిల్లా యేర్పడెను. మే 18వ తేదిని ప్రభుత్వము దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ గారి పేరు చేర్పదలచి, 30 దినములలో 'అబ్జెక్షన్'లను, 'సజెషన్'లను తెలుపుడని కోరెను. అబ్జెక్షన్ అనగా అభ్యంతరము: "ఇది వలదు, ఏలయన" అని చెప్పునది. సజెషన్ అనగా సూచన: "ఇట్లు చేసిన బాగుండును" అని చెప్పునది. రెంటికిని కారణము జత కావలెను. గడువు తీరకమునుపే, మే 24వ తేదిని, అమలాపురమున అల్లరులు చెలరేగి, ఒక మంత్రిగారి యింటికిని, ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టబడెను. పేరు మాత్రము నిలిచినది. అభ్యంతరమును వ్రాసి యిచ్చుటకు గడువుండగా, నిప్పు చెప్పిన కారణమేమి? అది యే యభ్యంతరమునకును బలము చేకూర్పలేదు. ఇండ్లను మాత్రము కాల్చినది.

కావున బాలబాలికలారా, ఈ పదములను పరీక్షకొఱకే వల్లెవేయకుడు. తరగతిలో సహాధ్యాయుని మాట మీకు నచ్చనప్పుడు "ఐ డిసెగ్రీ, బికాజ్" అని మొదలిడి, ఆ 'బికాజ్' తరువాత నేమున్నదో యోచించి పూర్తిచేయుడు. తలిదండ్రులును ఇంట పిల్లల నప్పుడప్పుడు "నీవేమందువు?" అని యడిగి, వారి సమాధానమును తుదివఱకు వినవలెనని కోరుచున్నాము.